నడుం దెబ్బతిని ఇంట్లో ఉన్నప్పుడు పొద్దు గడపడం ఎలా

నడుం పట్టేసి ఇంట్లో ఉన్నవాళ్ళకి కాలక్షేపానికి కరువేమీ ఉండదు. ఫోనుంది, టీవీ ఉంది, ఎప్పుడో చదువుదామని దాచిన పుస్తకాలున్నాయి. అయినా పొద్దుపోదు. ఏది మొదలుపెట్టినా పావుగంటకల్లా నడుం సణుగుతుంది. లేదా ఆటలో పడిపోయి రెండు గంటలు దాన్ని మరిచిపోతే, లేచేటప్పుడు ఆ రెండు గంటల బాకీ ఒక్కసారే వసూలు చేసుకుంటుంది. అందుకని ఏ కాలక్షేపాన్నైనా ఎంచుకునేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని మధ్యలో వదిలేసి లేవగలనా? లేవగలిగితే అది మీకు పనికొస్తుంది. లేవలేకపోతే, ఎంత మంచిదైనా కొన్ని వారాలు పక్కన పెట్టండి.

ఇక్కడ చెప్పేదంతా కండరం పట్టేసి, బెణికి, లేదా వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బి, డాక్టరు చూసి ఇంటికి పంపినవాళ్ళ కోసం. ఎముక విరిగినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు ఎంతసేపు కూర్చోవచ్చు, బెల్టు ఎప్పుడు పెట్టుకోవాలి అన్నవి తమ డాక్టరు చెప్పినట్టే చేయాలి. మర్మాంగాల చుట్టూ, తొడల లోపలివైపు తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసిపోయినా, మల మూత్రాల మీద పట్టు తప్పినా, కాళ్ళలో బలం తగ్గుతున్నా కాలక్షేపం సంగతి వదిలేసి అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారేదాకా ఆగకూడదు. నడుం నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ముందు మీ వాటాలు కొలుచుకోండి

మంచం దిగకుండా పడుకుంటే త్వరగా తగ్గుతుందన్నది పాతమాట. 1995లో ఫిన్లాండ్ పరిశోధకులు నడుం పట్టేసినవాళ్ళలో కొందరిని 2 రోజులు పూర్తిగా పడుకోమన్నారు, కొందరిచేత వ్యాయామాలు చేయించారు, మిగతావాళ్ళని ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది ఆ చివరివాళ్ళే. పడుకోవడం తప్పేమీ కాదు, రోజంతా పడుకోవడంతోనే చిక్కు. కండరాలు బలం కోల్పోతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, మలబద్ధకం వస్తుంది, దాంతో ముక్కాల్సి వచ్చి నడుం మళ్ళీ మొదటికొస్తుంది.

కాబట్టి మొదటిరోజు చేయాల్సిన పని కొలత. పడుకోవడం, కూర్చోవడం, నిలబడటం, నడవడం, ఈ నాలుగింటిలో ఒక్కోదానిలో ఎన్ని నిమిషాలకి నొప్పి పెరగడం మొదలవుతుందో గడియారం చూసి రాసుకోండి. అందులో ముప్పాతిక భాగం మీ వాటా. కూర్చున్న 20 నిమిషాలకి నొప్పి మొదలవుతుంటే మీ కూర్చునే వాటా 15 నిమిషాలు. ఫోనులో టైమర్ 15కి పెట్టి, అది మోగగానే, నొప్పి ఉన్నా లేకపోయినా, భంగిమ మార్చాలి.

నొప్పి వచ్చేదాకా ఆగితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. బాగున్నరోజు ఉత్సాహంలో మోతాదు మించుతుంది, మర్నాడు లేవలేక పడుకుంటారు, ఆ మర్నాడు విసుగొచ్చి మళ్ళీ మించుతుంది. వారాలు ఇలాగే దొర్లిపోతాయి. గడియారం చెప్పినట్టు లేస్తే బాగున్నరోజుకీ బాగోలేనిరోజుకీ పెద్ద తేడా ఉండదు. 3, 4 రోజులకోసారి మళ్ళీ కొలిచి, నొప్పి ఒప్పుకుంటే 2 నిమిషాలు కలపండి.

ఒక గంట ఇలా ఉండొచ్చు: 25 నిమిషాలు పడుకుని ఏదో ఒకటి, 5 నిమిషాలు ఇంట్లోనే నడక, 15 నిమిషాలు కుర్చీలో, 10 నిమిషాలు నిలబడి, మళ్ళీ 5 నిమిషాలు నడక. ఇలా ముక్కలు చేసుకుంటే పొద్దు కూడా తేలిగ్గా కదులుతుంది. మూడు గంటలు ఒకే చూరు వంక చూస్తూ పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది గడియారం ఎంత బద్ధకస్తురాలో.

చోటు సర్దుకోవడం

పగలు గడపడానికి రాత్రి పడుకునే మంచం కాకుండా వేరే చోటు చూసుకోండి. గట్టి పరుపు వేసిన దీవాను గానీ, ఇంకో గదిలో మంచం గానీ. పగలంతా అదే పక్క మీద ఉంటే రాత్రి నిద్ర పట్టదు. నేల మీద పరుపు మాత్రం వద్దు, లేవడం కష్టం.

వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద మందపాటి దిండు పెట్టండి. తుంటి ముందు కండరాలు వదులై నడుం వంపు మీద లాగుడు తగ్గుతుంది. ఇంకా నొప్పిగా ఉంటే పిక్కలు కుర్చీ మీద ఆనేలా, తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా 90 డిగ్రీల మడత వచ్చేలా పడుకోండి. పక్కకి ఒత్తిగిలితే మోకాళ్ళ మధ్య దిండు ఉండాలి. పల్చటి దిండైతే పై మోకాలు కిందికి జారి నడుం మెలిపడుతుంది, అందుకే పై మోకాలు తుంటి ఎత్తున నిలిచేంత మందం కావాలి. బోర్లా పడుకుంటే కొందరికి హాయి, కొందరికి నొప్పి. కాల్లోకి దిగే నొప్పి బోర్లా పడుకున్నప్పుడు పైకి, నడుం వైపు వెనక్కొస్తుంటే అది మంచి గుర్తు. కిందికి జారుతుంటే ఆ భంగిమ మానేయండి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. వీపు వెనక మూడు దిండ్లు పేర్చి, మంచం మీద సగం కూర్చుని సగం పడుకుని సినిమా చూడటం. చూడటానికి సుఖంగా ఉంటుంది గానీ దిండ్లకీ పరుపుకీ మధ్య సందులోకి నడుం జారి విల్లులా వంగిపోతుంది. పడుకుంటే పడుకోండి, కూర్చుంటే కుర్చీలో కూర్చోండి.

టైమర్ మోగిన ప్రతిసారీ లేవాలి కాబట్టి లేవడం సరిగ్గా రావాలి. మోకాళ్ళు మడవండి. భుజాలూ తుంటీ ఒకేసారి, దుంగ దొర్లినట్టు, పక్కకి తిప్పండి. కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి జారుస్తూ, అదే సమయంలో మోచేయి, అరచేయి ఆనించి పైకి తోసుకోండి. కాళ్ళ బరువు కిందికి దిగుతూ ఒంటిని పైకి లేపడానికి సాయం చేస్తుంది. వెల్లకిలా ఉన్నవాళ్ళు తిన్నగా తలెత్తి లేవబోతే నడుం మీద పడే భారం చాలా ఎక్కువ.

పక్కన చేతికందే ఎత్తులో ఒక బల్ల ఉండాలి. దాని మీద ఫోను, 2 మీటర్ల ఛార్జింగ్ తీగ, ఇయర్‌ఫోన్లు, పెన్సిలు, నోటుపుస్తకం, మందులు. వస్తువులు పట్టుకునే పొడవాటి చిమటా కర్ర దొరికితే ఇంకా మంచిది. అది లేకపోతే కిందపడ్డదాన్ని కిందే వదిలేయండి, ఎవరో ఒకరు తీసేదాకా. నీళ్ళు మాత్రం పక్కన పెట్టుకోకండి, పక్కగదిలో చిన్న గ్లాసుతో పెట్టుకోండి. దాహం వేసినప్పుడల్లా నడక దానంతట అదే అయిపోతుంది.

పడుకుని చేసేవి

ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుంటే పది నిమిషాలకే భుజాలు లాగుతాయి, ఆ తర్వాత అది ముక్కు మీద పడుతుంది. మంచానికి బిగించే, ఎటు కావాలంటే అటు వంగే స్టాండు తెచ్చుకోండి. తెర కళ్ళకి 40, 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. స్టాండును నేరుగా మొహం పైన కాకుండా కాస్త ఛాతీ వైపు జరిపి, తెరను మీ వైపు వంచండి. బిగింపు వదులైనా పడేది ఛాతీ మీదే. టైపు చేయడానికి చేతులెత్తే బదులు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులోనే చెప్పండి, రాసుకుంటుంది. తప్పులు తర్వాత నిలబడి దిద్దుకోవచ్చు.

పుస్తకం చదవాలంటే పట్టకం అద్దాలున్న కళ్ళజోడు ఒకటి దొరుకుతుంది. చూపును 90 డిగ్రీలు మళ్ళిస్తుంది కాబట్టి తల ఎత్తకుండా పొట్ట మీద పెట్టుకున్న పుస్తకం కనిపిస్తుంది. మొదట్లో కళ్ళు తిరిగినట్టుంటుంది, 10 నిమిషాలతో మొదలుపెట్టండి. దాన్ని పెట్టుకుని లేవకండి, నడవకండి.

రాయాలన్నా గీయాలన్నా బాల్‌పెన్ను పనికిరాదు. అందులో సిరా కిందికి దిగేది భూమి లాగడం వల్లే, మొన పైకి ఉంటే నాలుగు గీతలకే ఆగిపోతుంది. మెత్తటి 2బీ పెన్సిలు, కాగితం బిగించే అట్ట చాలు. కాగితం మడతలు వేసే ఓరిగామికి 15 సెంటీమీటర్ల చదరపు కాగితాలు తీసుకుని, పొట్ట మీద గట్టి అట్ట పెట్టుకుని మడవండి. క్రోషే వచ్చినవాళ్ళు 5 మిల్లీమీటర్ల సూది, మధ్యరకం ఊలుతో చిన్న చిన్న చదరాలు అల్లుకోవచ్చు. దుప్పటి మొదలుపెడితే పెరిగేకొద్దీ బరువు చేతుల్ని లాగుతుంది, వదిలేసి లేవబుద్ధి కాదు. చదరాలు ఎన్నైనా తర్వాత కలిపి కుట్టుకోవచ్చు. రెండు మోచేతుల కిందా చెరో దిండు, ఊలు ఉండ తుంటి పక్కన సంచీలో. ఉండ దొర్లి నేల మీద పడితే దానికోసం వంగేది మీరే.

వాటాకి అచ్చంగా సరిపోయే పని ఒకటి ఇంటర్నెట్టులో ఉంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్ పేజీ ఒకవైపు, యంత్రం చదివి రాసిన పాఠం మరోవైపు కనిపిస్తాయి. రెండూ పోల్చి తప్పులు దిద్దాలి. యంత్రం ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గర, పోలికున్న అక్షరాల దగ్గర. ఒక పేజీ దిద్ది భద్రపరిస్తే ఆ పని అక్కడికి పూర్తి, లేచిపోవచ్చు. ఇదే తరహాలో 2007లో గెలాక్సీ జూ అని మొదలైంది, గెలాక్సీల ఫోటోలు చూసి ఆకారాన్ని బట్టి వేరు చేయడం. 2009 నుంచి అది జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో భాగం. అక్కడ అడవి జంతువుల ఫోటోలు గుర్తించడం లాంటి పనులు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కో ఫోటోకి పట్టేది కొన్ని క్షణాలే.

చదరంగం ఆడేవాళ్ళు లిచెస్ అనే వెబ్‌సైట్‌లో ఎత్తుకి ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువుండే ఆటలు పెట్టుకోండి. నాలుగైదు ఆటలు ఒకేసారి నడిపితే ప్రతి వాటాలో ఒకటో రెండో ఎత్తులు పడతాయి. 3 నిమిషాల ఆటల జోలికి మాత్రం పోకండి. ఓడిపోయినవాడు ఇంకొక్కటి అంటాడు, గెలిచినవాడూ అదే మాటంటాడు. పొట్టి వీడియోలదీ ఇదే జబ్బు. వాటికి చివర అన్నది లేదు కాబట్టి ఆపాల్సిన చోటూ ఉండదు. ధారావాహికలు చూసేవాళ్ళు తర్వాతి భాగం తనంతట తాను మొదలయ్యే సెట్టింగును తీసేయండి.

నడుస్తూ, నిలబడి

నడక మొదట్లో మరీ విసుగు. గదికీ గదికీ మధ్య అటూ ఇటూ ఎంతసేపని? దీనికి బాగా పనిచేసే ఉపాయం ఒక్కటే. మంచి ఉత్కంఠ ఉన్న ఆడియో పుస్తకం ఒకటి ఎంచుకుని, దాన్ని నడిచేటప్పుడే వినాలని నియమం పెట్టుకోవడం. పడుకుని వినకూడదు. కథ మధ్యలో ఆగితే తర్వాతి నడక కోసం మీరే ఎదురుచూస్తారు. ఇంగ్లీషు వినగలిగినవాళ్ళకి లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో, కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాల్ని 2005 నుంచి స్వచ్ఛందంగా చదివి పెడుతున్నారు, అన్నీ ఉచితం. అయితే ఇయర్‌ఫోన్ తీగ కాళ్ళకి అడ్డం పడకుండా చూసుకోండి. ఇంట్లో చెప్పులు కూడా మడమ పట్టి ఉండేవి వేసుకోండి, జారుడు చెప్పులతో కాలు మడతపడితే నడుం ఉలిక్కిపడుతుంది.

నిలబడి చేసే పనికి బల్ల మీ మోచేతి ఎత్తు ఉండాలి. అంత ఎత్తు బల్ల లేకపోతే ఇస్త్రీ బల్లను పై మెట్టుకి లేపి వాడుకోండి, ఎత్తు మార్చుకోవచ్చు. తేలికైన వస్తువులే పెట్టాలి, దాని మీద ఆనకూడదు. కాళ్ళ దగ్గర 10, 15 సెంటీమీటర్ల ఎత్తు పీట వేసుకుని, ఒకసారి ఈ కాలు ఒకసారి ఆ కాలు దాని మీద పెడుతుంటే ఎక్కువసేపు నిలబడగలుగుతారు.

బొమ్మ ముక్కలు కలిపే పజిల్ ఇక్కడికే చెందుతుంది. కూర్చుని చేస్తే దూరపు ముక్క కోసం ముందుకి వంగుతూనే ఉంటారు. 300 నుంచి 500 ముక్కలున్నది తీసుకుని, గట్టి అట్ట మీద పరిచి, అట్ట వెనక అంచు కింద రెండు లావు పుస్తకాలు పెట్టి వాలుగా నిలపండి. వెయ్యి ముక్కలదైతే బల్ల సరిపోదు, చివరికి ఎవరో నేల మీద పరుస్తారు, మీరూ నేల మీదికి దిగుతారు.

కిటికీ ఉంటే పక్షుల లెక్క మొదలుపెట్టండి. రోజూ ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, 10 నిమిషాలు. కనిపించినవాటి పేర్లూ సంఖ్యా రాయండి. పేరు తెలియకపోతే కార్నెల్ పక్షుల పరిశోధనశాల వాళ్ళ మెర్లిన్ యాప్ ఉంది, కూత విని ఏ పిట్టో చెబుతుంది. పొరపడుతుంది కూడా, అందుకని కంటితో చూశాకే రాసుకోండి. వాళ్ళదే 2002లో మొదలైన ఈబర్డ్‌లో మీ లెక్కలు చేర్చవచ్చు. రెండు వారాలకి మీ కిటికీ దగ్గరికి ఏ పిట్ట ఏ వేళకి వస్తుందో పట్టుబడుతుంది.

కుర్చీ వాటా పొదుపుగా

నడుం దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి అన్నిటికన్నా తక్కువ వాటా కూర్చోవడానిదే. కాబట్టి కూర్చుంటే తప్ప జరగని పనులకే దాన్ని దాచుకోండి, ఇంట్లోవాళ్ళతో కలిసి భోంచేయడం లాంటివాటికి. చేతులున్న గట్టి కుర్చీ, తుంటి మోకాళ్ళకన్నా కాస్త ఎత్తులో, నడుం వంపు దగ్గర ముంజేయంత లావున చుట్టిన తువ్వాలు. మెత్తటి సోఫా వద్దు. ఒళ్ళో లాప్‌టాప్ అసలే వద్దు, మెడా నడుమూ రెండూ ఒకేసారి వంగుతాయి.

పొద్దున లేచిన మొదటి గంట ముందుకి వంగే పనులేవీ పెట్టుకోకండి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉదయం వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఆ గంటకి నడక, వినడం, పక్షులు. కుర్చీ పనులు పదింటి తర్వాత.

నిద్రమత్తు కలిగించే నొప్పి మాత్రలు, కండరాలు వదులయ్యే మాత్రలు వేసుకున్నాక కొత్త భాష నేర్చుకుందామని కూర్చుంటే ఏమీ ఎక్కదు. ఆ వేళ సంగీతానికి ఉంచండి. వేడి కాపడం 15, 20 నిమిషాలు చాలు. టైమర్ లేకుండా కాపడం మీద నిద్రపోతే చర్మం కాలుతుంది. పగటి కునుకు అరగంట మించనివ్వకండి.

చేయకూడనివి, చెడ్డరోజులు

ఖాళీగా ఉన్నాను కదా అని బీరువా అడుగు అర సర్దబోవడం, మంచం కింద పెట్టె లాగడం, పూలకుండీలు జరపడం. తిరగబెట్టడం చాలావరకు ఇలాంటివాటితోనే మొదలవుతుంది. పాత ఫోటోలు సర్దాలని ఉంటే ఇంకొకరిచేత పెట్టెను బల్ల మీద పెట్టించుకుని, ఒక వాటాకి ఒక కవరు చొప్పున చూసుకోండి. ఫోటో వెనక పేర్లూ సంవత్సరమూ పెన్సిలుతో రాయండి, పెన్ను గీరితే ముందువైపు తేలుతుంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు తెలియకుండానే కీడు చేస్తారు. మర్యాదకని వాళ్ళ ముందు గంటసేపు నిటారుగా కూర్చుంటాం. వచ్చేముందే ఫోనులో చెప్పేయండి: "ఓ అరగంట ఉండండి, నేను మాత్రం పడుకునో నిలబడో మాట్లాడతాను." ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చినవాళ్ళచేత కిందపడ్డవన్నీ తీయించుకోండి.

రోజంతా నొప్పి గురించి ఫోనులో వెతకడం కూడా ఒక కాలక్షేపమైపోతుంది, అన్నిటిలోకీ చెడ్డది అదే. నొప్పి లేనివాళ్ళకి ఎమ్మారై తీసినా డిస్కు ఉబ్బులు తరచుగా కనిపిస్తాయి. రిపోర్టులో ఒక్కో మాటా పట్టుకుని వెతికితే భయం తప్ప తేలేదేమీ ఉండదు. అనుమానాలన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.

నొప్పి ఎక్కువయ్యే రోజు ఒకటి వస్తుంది, కారణం దొరకకపోవచ్చు కూడా. దానికోసం చేతులూ బుర్రా అక్కర్లేనివి మూడు ముందే సిద్ధం చేసుకోండి: ఒకసారి విన్న పుస్తకం, ఇష్టమైన పాటల జాబితా, ఫోనులో తీరిగ్గా మాట్లాడే స్నేహితుడు. ఆరోజు వాటాలన్నీ సగం చేయండి, నడకని మాత్రం సున్నా చేయకండి, 2 నిమిషాలైనా సరే. మర్నాడు ముప్పాతిక, ఆ మర్నాడు మామూలు.

కూర్చునే వాటా 45 నిమిషాలు దాటి, ఆగకుండా అరగంట నడవగలిగాక ఇంట్లో టైమర్ తీసేయవచ్చు. మొదటిసారి సినిమాకో ప్రయాణానికో వెళ్ళేటప్పుడు మాత్రం దారి పక్క సీటు తీసుకోండి, నడుం దగ్గరికి తువ్వాలు చుట్ట సంచీలో వేసుకోండి, ఫోనును 40 నిమిషాలకి వణికేలా పెట్టుకోండి.